గాలానికి చిక్కిన పేర్లు

సంక్రాంతికి ముందు నాలుగు రోజులు మా ఎల్.బి. నగర్ చౌరస్తాలో నిలబడితే చాలు, హైదరాబాదులో ఉన్నవాళ్ళలో హైదరాబాదు వాళ్ళు ఎందరో, కానివాళ్ళు ఎందరో తేలిపోతుంది. సూట్‌కేసులు, సంచులు, చంకలో పిల్లలు, చేతిలో సెల్‌ఫోన్లు. విజయవాడ బస్సు వస్తే ఒక అల, విశాఖపట్నం బస్సు వస్తే ఇంకో అల. ఇటు దిల్‌సుఖ్‌నగర్‌లో హాస్టళ్ళన్నీ ఖాళీ. మా వీధి చివర టిఫిన్ సెంటర్ అతను కూడా పొయ్యి ఆర్పి, "పండక్కి ఊరెళ్తున్నాం" అని అట్ట ముక్క మీద రాసి వేలాడదీస్తాడు. ఆ నాలుగు రోజులూ మా వీధిలో కాకి అరుపు వినబడుతుంది.

మేం మాత్రం కదలం. మా పుట్టిల్లు సూర్యాపేట దగ్గర పల్లె. అత్తగారిది భువనగిరి. రెండింటిలోనూ ఇప్పుడు తాళాలే ఉన్నాయి. మా అమ్మ పోయి రెండేళ్ళవుతోంది. అందుకని పండగంటే నాకు గుమ్మంలో ముగ్గు, వంటింట్లో సకినాలు, టీవీలో పాత సినిమా.

ఈసారి మావాడు ఆ ఆనవాయితీ చెడగొట్టాడు. ఇంజనీరింగ్ మూడో సంవత్సరం. "అమ్మా, భీమిలి వెళ్దాం. సముద్రం ఒడ్డున గెస్ట్‌హౌస్ ఉంది. పొద్దున్నే పడవ మాట్లాడుకుని సముద్రంలోకి పోయి గాలంతో చేపలు పట్టుకోవచ్చు. స్పోర్ట్ ఫిషింగ్ అంటారు" అన్నాడు.

"చేపలు పట్టడమూ ఆటేనట్రా?" అన్నాను.

నవ్వుకోకండి. మా ఊళ్ళో చెరువులో చేపలు పట్టేవాళ్ళని చూస్తూ పెరిగినదాన్ని. అది వాళ్ళకి ఆకలి, బాకీ, పెళ్ళి ఖర్చు. చేప పడకపోతే ఆ పూట పొయ్యి మీద కుండ ఎక్కదు. అలాంటి పనికి డబ్బులిచ్చి మరీ పోవడం ఏమిటన్నది నా సందేహం. "వేసవి సెలవుల్లో చూద్దాంలే" అని మావారు తప్పించుకోబోయారు. మావాడు ముందే అన్నీ చదివి పెట్టుకున్నాడు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా అరవై ఒక్క రోజులు తూర్పు తీరమంతటా మరపడవల వేట నిషేధమట. చేపలు గుడ్లు పెట్టే కాలం. "అందుకే ఇప్పుడే పోవాలి" అన్నాడు. సముద్రంలో చేపకి పురిటి సెలవు ఇచ్చారన్నమాట! ఆ మాట నాకు నచ్చింది. సరే పదండన్నాను.

బయలుదేరే ముందు ఊరుకోలేక, ఈ ఆట ఎక్కడ పుట్టిందో కొంచెం చదివాను. బి.ఏ.లో చరిత్ర చదివిన దోషం ఇలా అప్పుడప్పుడూ పైకి వస్తుంది.

సరదాకి చేపలు పట్టడం రాజులకీ దొరలకీ ఎప్పటినుంచో ఉన్నదే. మన దేశంలో ఆ సరదాకి శాస్త్రం రాసిపెట్టినవాళ్ళలో ఒకడు హెన్రీ సలివన్ థామస్ అనే మద్రాసు సివిల్ సర్వీసు దొర. కలెక్టరు గిరీ వెలగబెడుతూ, తీరిక వేళల్లో నదుల వెంట గాలం పట్టుకు తిరిగి 1873లో 'ది రాడ్ ఇన్ ఇండియా' అని పెద్ద పుస్తకం వేశాడు. అది చాలక 1887లో చెరువుల్లో గాలం వెయ్యడం గురించి ఇంకోటి వేశాడు. మన చెరువుల మీద మనవాళ్ళెవరూ అంత శ్రద్ధగా రాసినట్టు నాకు కనబడలేదు.

ఇక సముద్రంలో పడవ అద్దెకు తీసుకుని పెద్ద చేపతో పోరాడే ఆట మాత్రం అమెరికాలో బాగా ముదిరింది. కాలిఫోర్నియా తీరాన కాటలీనా అనే దీవి ఉంది. అక్కడ 1898లో ఛార్లెస్ హోల్డర్ అనే ఆయన 183 పౌన్ల ట్యూనా చేపను గాలంతో పట్టాడు. మన లెక్కన 83 కిలోలు. చేపా? పెళ్ళికొడుకా? ఆ ఉత్సాహంలో ఆ ఏడాదే ట్యూనా క్లబ్ పెట్టారు. సన్నని దారంతోనే పట్టాలి, చేపకి తప్పించుకునే అవకాశం ఇవ్వాలి అని నియమాలు రాసుకున్నారు. 1939లో ఈ ఆటకి అంతర్జాతీయ సంఘం కూడా వచ్చింది.

హెమింగ్వే సంగతి మీకు తెలిసిందే. 1934లో 'పిలార్' అనే పడవ కొని క్యూబా చుట్టూ పెద్ద చేపల వెంట తిరిగాడు. 1952లో ముసలివాడూ సముద్రమూ కథ అచ్చువేశాడు. ఆ పడవని ఏళ్ళ తరబడి నడిపినవాడు గ్రెగోరియో ఫుయెంతెస్ అనే జాలరి. రచయిత 1961లోనే పోయాడు. జాలరి మాత్రం నూటనాలుగేళ్ళు బతికి 2002లో పోయాడు. చివరిదాకా ఆయన్ని చూడటానికి జనం వస్తూనే ఉన్నారట. పడవ నడిపినవాడి పేరు ప్రపంచానికి తెలియడం బహుశా అరుదైన సంగతే. ఎందుకంటున్నానో ముందు ముందు మీకే తెలుస్తుంది.

రాత్రి ఎల్.బి. నగర్‌లో బస్సెక్కాం. హయత్‌నగర్ దాటుతుంటే మావాడికి చెప్పాను: "ఇది ఈనాటి దారి కాదురా. గోల్కొండ నవాబుల కాలంలో సముద్రానికి పోయే బాట ఇటే. వజ్రాలూ బట్టలూ ఇటు నుంచే మచిలీపట్నం రేవుకి పోయేవి. ఇంగ్లీషువాళ్ళు 1611లోనే అక్కడ దుకాణం తెరిచారు. సముద్రం లేని హైదరాబాదుకి సముద్రం మచిలీపట్నమే." మావాడు చెవుల్లో ఏవో పెట్టుకుని ఉన్నాడు. మావారు నిద్రపోతున్నారు. రచయిత్రి ఇంట్లో శ్రోతల పరిస్థితి ఇలా ఉంటుంది.

భీమిలి చక్కని ఊరు. విశాఖపట్నం నుంచి సముద్రం పక్కనే పాతిక కిలోమీటర్ల రోడ్డు. ఒకవైపు ఎర్రమట్టి దిబ్బలు, మరోవైపు నీళ్ళు. గోస్తనీ నది వచ్చి సముద్రంలో కలిసేది ఇక్కడే. పదిహేడో శతాబ్దంలో డచ్చివాళ్ళు వచ్చి ఇక్కడ వ్యాపారం పెట్టారు. 1825లో ఇంగ్లీషువాళ్ళకి వదిలి వెళ్ళిపోయారు. వాళ్ళ సమాధులు మాత్రం ఇంకా ఇక్కడే ఉన్నాయి. 1861లోనే ఈ ఊరికి మునిసిపాలిటీ వచ్చింది. మా దిల్‌సుఖ్‌నగర్ అప్పుడు ఎలా ఉండేదో ఊహించుకోండి!

గెస్ట్‌హౌస్‌లో గదులు బాగానే ఉన్నాయి గాని, రాత్రంతా సముద్రం ఘోష. మొదటి గంట బాగుంటుంది. తర్వాత ఎవరో పంపు కట్టేయకుండా పడుకున్నట్టు అనిపిస్తుంది.

తెల్లవారుజామున నాలుగున్నరకి ఒడ్డుకి వెళ్ళాం. మా పడవ ఫైబర్ బోటు, వెనక ఇంజను. పూర్వం ఈ తీరంలో దుంగలు కలిపి కట్టిన తెప్పలూ, మేకులు లేకుండా కొబ్బరి తాళ్ళతో పలకలు కుట్టిన పడవలూ ఉండేవి. కెరటం వచ్చి కొడితే మేకు కొట్టిన పడవ పగిలిపోతుంది, కుట్టిన పడవ ఒళ్ళు వంచి ఊరుకుంటుంది. ఈ సూక్ష్మం కాపురాలకీ పనికొచ్చేలా ఉంది. ఇప్పుడు చాలామటుకు ఫైబర్ బోట్లే.

సరంగుకి యాభై దాటి ఉంటాయి. నల్లగా, బక్కగా, ఉప్పుగాలికి ఎండిన మనిషి. కూడా ఒక కుర్రాడు. సగం రోజుకి ఆరువేలు మాట్లాడుకున్నాం. ఆయన నన్ను చూసి కొంచెం తటపటాయించాడు.

"అమ్మగోరు కూడా వత్తారా?"

"ఏం, రాకూడదా అన్నా?"

"రావొచ్చమ్మా. మా ఆడోలు మాత్రం బోటు ఎక్కరు. అది మా కట్టు. మీరంటే టూరిస్టోలు గదా."

"మరి మీ ఆడవాళ్ళు ఏం చేస్తారు?"

"ఏటి సేత్తారంటారేటమ్మా! మేం ఒడ్డుకి తెచ్చి పడీడమే. ఆ పైన అంతా ఆలే. తట్ట ఎత్తుకుని ఊరూరా తిరగాల, అమ్మాల, డబ్బులు రాబట్టాల. సేప మాది, లెక్క ఆలది."

సముద్రంలో కాలు పెట్టని ఆడవాళ్ళు సముద్రం ఖాతా పుస్తకం రాస్తున్నారన్నమాట. నేను లైఫ్ జాకెట్ వేసుకుని పడవెక్కి కూర్చున్నాను. చీర మీద ఆ నారింజరంగు జాకెట్‌లో నేనెలా ఉన్నానో మావారు చెప్పలేదు గాని, ఫోటో మాత్రం తియ్యలేదు. దాన్నిబట్టి అర్థం చేసుకున్నాను.

కెరటాలు దాటేదాకా ప్రాణం అరచేతిలో ఉంది. దాటాక నీళ్ళు చిత్రంగా నెమ్మదించాయి. వెనక్కి తిరిగితే భీమిలి కొండా, దీపాలూ. తూర్పున ఆకాశం బియ్యం కడిగిన నీళ్ళ రంగులోకి మారుతోంది. సరంగు రెండు గాలపు కర్రలు వెనక్కి కట్టాడు. దారం చివర మెరిసే ప్లాస్టిక్ చేప, దాని ముందు జానెడు ఇనుప తీగ. "తీగెందుకు?" అనడిగాను. "పళ్ళమ్మా, దారం కొరికీసి పోతాది." పడవ నెమ్మదిగా పోతూ ఉంటే ఆ ఉత్తుత్తి చేప వెనకాల ఈదినట్టు వస్తుంది. దాన్ని చూసి నిజం చేప మోసపోవాలి. ఎన్నికల్లాగే.

ఏడింటిదాకా ఏమీ పడలేదు. మావారికి తల తిరుగుతోంది. నేను డబ్బాలోంచి నిమ్మకాయ బద్ద తీసి ఇచ్చాను. అప్పుడు రీలు ఒక్కసారిగా జరజరా తిరిగింది. మావాడు కర్ర అందుకున్నాడు. అందుకున్నాడే గాని, చేప గట్టిగా లాగేసరికి ముందుకు తూలాడు. సరంగు వాడి వెనక నిలబడి రెండు చేతులూ కర్ర మీద వేశాడు. "ఒగ్గండి బాబూ, కాసేపు ఒగ్గీండి. పోనీండి. ఇప్పుడు సుట్టండి. ఇంక సుట్టండి." పావుగంట ఈ మాటలే. చివరికి కుర్రాడు కొక్కెం వేసి పైకి లాగాడు. మూడడుగుల వెండి చేప! ఎండ తగలగానే దాని ఒంటిమీద నీలం మెరుపు నిలువుగా పాకింది. చూస్తుండగానే ఆ మెరుపు ఆరిపోయింది.

మావాడు కేక పెట్టాడు. "వంజరం! అమ్మా, వంజరం!"

సరంగు నవ్వాడు. "వంజరం కాదు బాబూ. కోనెం."

"రెండూ ఒకటే కదా?"

"ఒకటేటి బాబూ! అప్పసెల్లెళ్ళు గాని ఒకటి కాదు. వంజరానికి సుక్కలుంటాయి. దీనికి సూడండి, సారలు." వేలితో చేప పక్కన ఒక్కొక్క చారనీ తాకి చూపించాడు. నిజమే. చీర అంచుకి దగ్గర దగ్గరగా వేసిన గీతల్లా ఉన్నాయి.

నాకు సిగ్గేసింది. నలభై ఏళ్ళు దాటిన తెలుగు నవలా రచయిత్రిని. చీరల్లో గద్వాలకీ పోచంపల్లికీ తేడా చెప్పమంటే గంటసేపు చెబుతాను. సముద్రంలో చేపలంటే నాకు తెలిసినవి రెండే పేర్లు. ఒకటి వంజరం, రెండు రొయ్య. రెండోది అసలు చేపే కాదు.

తిరిగి వస్తున్నంతసేపూ ఆయన్ని పేర్లు అడుగుతూనే ఉన్నాను. ఆయనా చెబుతూనే ఉన్నాడు. పండుగప్ప, మాగ, కచ్చిలి, సొర, కొమ్ము సొర. ప్రతి పేరుకీ ఒక గుర్తు, ఒక కాలం, ఒక లోతు. నేను సంచిలోంచి చిన్న పుస్తకం తీసి రాసుకోవడం మొదలుపెట్టాను. "మీ పేరు కూడా చెప్పండి, రాసుకుంటాను" అన్నాను. ఆయన ఇంజను వైపు చూస్తూ, "నా పేరేటికమ్మా, సేపల పేర్లు రాసుకోండి" అన్నాడు.

"మీ పిల్లలకి ఇవన్నీ తెలుసా?"

"నాకు ఒక్కర్తే కూతురమ్మా. వైజాగులో డిగ్రీ సదువుతాంది. దానికి ఈ పేర్లేటికి? ఇయి తెలీకండా బతకాలనే గదా సదివిత్తన్నాను."

నా దగ్గర జవాబు లేదు. ఆ మాటలో కోపం లేదు, బాధ కూడా లేదు. లెక్క మాత్రం ఉంది. మా అమ్మ నన్ను చదివించినప్పుడు వేసుకున్న లెక్క కూడా సరిగ్గా ఇదే.

ఒడ్డుకి వచ్చాక మావాడు చేపని రెండు చేతులతో ఎత్తి పట్టుకుని ఫోటో దిగాడు. పక్కనే ఉన్న సరంగు, ఫోటో తియ్యబోతున్నారని తెలిసి, చటుక్కున పక్కకి జరిగిపోయాడు. అలవాటైన జరుగుడు అది. ఎన్ని ఫోటోలకి అలా జరిగి ఉంటాడో!

ఇంటికి వచ్చాక నాకు నిద్ర పట్టలేదు. పట్టకపోవడానికి కారణం నేను రాసుకున్న పేర్లు. వాటి కోసం వెతుకుతూ పోతే ఒక స్కాట్లాండ్ డాక్టరు దొరికాడు. ఇన్నేళ్ళూ ఈయన సంగతి నాకు తెలియకుండా ఎలా ఉందా అనిపించింది. మీలో చాలామందికీ తెలిసి ఉండదు. అందుకే చెబుతున్నాను.

పాట్రిక్ రసెల్ అని ఆయన పేరు. ఎడింబరోలో పుట్టినవాడు. సిరియాలో అలెప్పో నగరంలో చాలాకాలం వైద్యం చేసి, ప్లేగు రోగం మీద పెద్ద గ్రంథం రాసినవాడు. ఆయన తమ్ముడు క్లాడ్ రసెల్ ఈస్టిండియా కంపెనీలో పెద్ద ఉద్యోగి. ఆ తమ్ముడికి విశాఖపట్నంలో కొలువైతే, తోడుగా ఈయనా 1780ల మొదట్లో వచ్చాడు. అప్పటికే యాభై దాటాయి. ఇంకొకరైతే వరండాలో పడక్కుర్చీ వేసుకుని కూర్చునేవారు. ఈయన చెట్లూ పాములూ చేపలూ పోగుచెయ్యడం మొదలుపెట్టాడు. 1785లో కంపెనీవారు ఆయన్నే తమ ప్రకృతి శాస్త్రజ్ఞుడిగా వేసుకున్నారు. 1789లో తిరిగి వెళ్ళిపోయాడు.

వెళ్ళాక రెండు గొప్ప పుస్తకాలు వేశాడు. 1796లో పాముల మీద ఒకటి. 1803లో చేపల మీద రెండోది. ఆ రెండో పుస్తకం పేరే "విశాఖపట్నంలో సేకరించిన రెండు వందల చేపల వర్ణనలు, చిత్రాలు". బొమ్మలు వేసింది ఇక్కడి చిత్రకారుడే. ఆ పుస్తకం ఇప్పుడు కంప్యూటర్‌లో చూడవచ్చు. నేను చూశాను. చూసి కుర్చీలోంచి లేచి నిలబడ్డాను.

ఎందుకంటే ఆ చేపల బొమ్మల దగ్గర ఉన్నవి తెలుగు పేర్లు! ఇంగ్లీషు అక్షరాల్లో, ఆ దొర చెవికి వినబడినట్టు రాసినవి. లాటిన్ పేరు దొరకని చేపకి తొందరపడి కొత్తది తగిలించలేదు. జాలరి ఏమన్నాడో అదే రాసి ఊరుకున్నాడు. 'పండూమేనూ' అని ఉంది, అది మన పండుగప్ప. 'తెల్ల కచెలీ', 'నల్ల కచెలీ' ఉన్నాయి. 'కోమ సొర్రా' అంటే సుత్తిలాంటి తల ఉన్న కొమ్ము సొర. 'మాగ జెల్లీ' ఉంది. రెక్కలన్నీ విప్పుకుని నీళ్ళలో పుంజులా నిలబడే ముళ్ళ చేపకి 'కోడిపుంగీ' అని ఉంది. కోడిపుంజన్నమాట! ఎవరో జాలరి నవ్వుతూ చెప్పిన మాట, లండన్‌లో అచ్చయి కూర్చుంది.

ఇంకో పేజీ తిప్పాను. పక్కపక్కనే రెండు బొమ్మలు. ఒకటి 'వింగెరం'. రెండోది 'కోనం'. ఒకదానికి చుక్కలు. రెండోదానికి చారలు.

భీమిలి దగ్గర పడవలో సరంగు నాకు వేలితో తాకి చూపించిన తేడా, రెండువందల ముప్పై ఏళ్ళకు పైగా కిందట అదే తీరంలో మరో జాలరి మరొకరికి చూపించాడు. ఎవరు చూపించారో పుస్తకం చెప్పదు. ఆ రెండు వందల చేపల్నీ డాక్టరుగారు గాలం వేసి పట్టలేదు కదా. ఎవరో తెల్లారగట్ల తెప్ప మీద పోయి పట్టి ఉంటారు. ఎవరో ఇల్లాలు తట్టలో తెచ్చి ఆయన గుమ్మంలో దించి, ధర దగ్గర గట్టిగా బేరమాడి ఉంటుంది. వాళ్ళ చేపలున్నాయి, వాళ్ళ మాటలున్నాయి. మనుషులు మాత్రం ఫోటోకి పక్కకి జరిగిపోయారు.

అయితే అన్యాయంగా మాట్లాడకూడదు. రసెల్ రాయకపోతే ఆ మాటలు కూడా మిగిలేవి కావు. ఆయన పుస్తకం యూరప్ అంతా తిరిగింది. తర్వాత వచ్చిన శాస్త్రవేత్తలు దాన్ని ముందు పెట్టుకునే మన చేపలకి లాటిన్ పేర్లు పెట్టారు. ఒక సొరచేపకి 1839లో ఇద్దరు జర్మన్ పండితులు పెట్టిన పేరులో 'సొర్రా' అలాగే ఉండిపోయింది. ఈనాటికీ ఏ దేశపు శాస్త్రవేత్తయినా ఆ చేప పేరు చెప్పాలంటే మన సొర అన్న మాట నోట పలకవలసిందే.

కాని అన్నిటికీ ఆ అదృష్టం పట్టలేదు. కోడిపుంజు చేపల్లో ఒకదానికి 1831లో రసెల్ పేరే పెట్టారు. గౌరవంగానే పెట్టారు. పుంజు ఎగిరిపోయింది, దొర మిగిలాడు. పాముల పుస్తకంలో ఇంకా గట్టి ఉదాహరణ ఉంది. మన పొలాల్లో రైతుల్ని కాటేసే విషసర్పం ఒకటుంది. మనం ఇప్పుడు రక్తపింజర అంటున్నాం. ప్రపంచమంతా దాన్ని రసెల్స్ వైపర్ అంటుంది. మన డాక్టర్లూ అదే అంటారు, మన పేపర్లూ అదే రాస్తాయి. రసెల్ మాత్రం తన పుస్తకంలో దాన్ని అలా అనలేదు. తన పేరు పెట్టుకోలేదు. ఇక్కడివాళ్ళు ఏమన్నారో అదే రాశాడు. ఏమన్నారో తెలుసా?

'కాటుక రేకుల పొడ.'

పొడ అంటే మచ్చ. ఒంటి నిండా కాటుకతో దిద్దిన పూరేకుల్లాంటి మచ్చలున్న పాము. ఆ పేరు పెట్టిన మనిషి ఎవరోగాని, చావుని అంత దగ్గరగా చూస్తూ కూడా అంత చక్కగా చెప్పగలిగింది. 'చెప్పగలిగింది' అన్నాను చూశారా? ఆడదే అయి ఉంటుందని నా నమ్మకం. ఆధారం లేదు. కాటుక మాట ఎవరికి తోస్తుందో మీరే చెప్పండి.

ఆ పేరు మన దగ్గర లేదు. మావారిని అడిగాను, వినలేదన్నారు. పాలవాడిని అడిగాను, రక్తపింజర అన్నాడు. మనం పోగొట్టుకున్న మాటని మన కోసం దాచిపెట్టింది ఒక పరాయి దొర. మనం ఆ మాటని వదిలేసి, దొర పేరుని పట్టుకున్నాం. ఎవరి మీద కోపగించుకోవాలి?

ఇదంతా మావాడికి చెప్పాను. ఈసారి చెవుల్లో ఏమీ పెట్టుకోలేదు. కాసేపు ఊరుకుని, "అమ్మా, నేను ఫోటో కింద 'నేను పట్టిన వంజరం' అని పెట్టాను. రెండు తప్పులున్నాయి కదూ?" అన్నాడు. ఏమిటన్నాను. "వంజరం కాదు. నేనూ కాదు" అన్నాడు. తర్వాత దాన్ని మార్చి, 'కోనెం. భీమిలి సరంగుగారు పట్టించారు' అని పెట్టాడు. దానికంటే ముందుదానికే ఎక్కువమంది మెచ్చుకోలు పెట్టారట. అది లోకం తీరు.

నాకు మాత్రం ఒక పని మిగిలింది. మృగశిర కార్తె రోజున హైదరాబాదంతా చేపలు కొనుక్కుంటుందని మీకు తెలుసు. ఆ రోజు మా అమ్మ కొరమీను పులుసు పెట్టేది. పెడుతూ పెడుతూ, వాళ్ళ చిన్నప్పుడు ఊరి చెరువులో దొరికే చేపల పేర్లు వరసగా పాటలా చెప్పేది. పది, పన్నెండు ఉండేవి. నేను సీరియల్ గడువు దగ్గర పడిందని కాగితాలు ముందేసుకుని, ఊఁ ఊఁ అంటూ వినేదాన్ని. వినడం అంటే అదీ. ఇప్పుడు గుర్తు చేసుకుంటే కొరమీను, జెల్ల, పరిగె, బొమ్మిడాయి, అక్కడితో ఆగిపోతోంది. పాట రాగం గుర్తుంది, మాటలు లేవు. ఆ చెరువు ఒడ్డుకి ఏ రసెలూ రాలేదు. రాయవలసినదాన్ని నేనే. పక్కనే కూర్చుని ఉన్నాను, చేతిలో కలం కూడా ఉంది.

నిన్న సూర్యాపేటలో ఉన్న మా పెద్దమ్మకి ఫోన్ చేశాను. ఎనభై రెండేళ్ళు. చెవులు కొంచెం మందం. "పెద్దమ్మా, మన చెరువుల చాపల పేర్లు చెప్పవా?" అని గట్టిగా అరిచాను. అపార్ట్‌మెంట్‌లో పక్కవాళ్ళు తలుపు తీసి చూశారు.

"ఎందుకు బిడ్డా ఇప్పుడు? వండుతవా?" అంది.

"లేదు పెద్దమ్మా. రాసుకుంట."

కాసేపు చప్పుడు లేదు. ఫోన్ కట్ అయిందేమో అనుకున్నాను. తర్వాత నెమ్మదిగా, ఒక్కొక్కటే చెప్పడం మొదలుపెట్టింది. తొమ్మిది వచ్చాయి. పదోది నాలిక చివరన ఉందంది, రావడం లేదంది. "రాత్రి యాదికొస్తదేమో, నేనే చేస్త బిడ్డా, ఫోన్ దగ్గరనే పెట్టుకో" అంది.

దగ్గరే పెట్టుకుని కూర్చున్నాను.